మా లెక్కల సారు, మేము చదవని ఫారం

మా లెక్కల సారు పోయారు. జ్వరంతో రెండు రోజులు దవాఖానలో ఉండి, మూడో రోజు కన్ను మూశారట. బస్టాండు పక్కన సైకిల్ దుకాణంలో నా దోస్తు మదార్ ఈ మాట చెప్పినప్పుడు నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు.

"ఇగ జవాబు చెప్పేటాయన లేడన్నట్టు" అన్నాను.

మదార్ ట్యూబును నీళ్లలో ముంచుతూ తలెత్తలేదు. "ఆయన జవాబు చెప్పిండు. నీకే నచ్చలే."

పోయినవారి గురించి మంచే రాయాలంటారు. మంచి ఉంది కాబట్టి రాస్తాను. కానీ రెండోది దాచిపెడితే, ఆయన నేర్పిన లెక్కను నేను సగంలో ఆపినట్టవుతుంది.

దేవరకొండ దగ్గరి మా హైస్కూల్లో బడి చివరి పరీక్ష రాసే హెచ్చెస్సీ క్లాసుకు వచ్చేసరికి పన్నెండు మందిమి అట్టడుగున ఉన్నాం. అందరం లెక్కల్లోనూ ఇంగ్లీషులోనూ తప్పినవాళ్లమే. మిగతా సార్లు మమ్మల్ని వెనక బెంచీలకు వదిలేశారు. లెక్కల సారు వదల్లేదు. ఆయన చదువంతా ఉర్దూలో సాగింది. మాకేమో తెలుగులో చెప్పాలి. బోర్డు మీద కూడేటప్పుడు "సాత్, ఆఠ్, పంద్రా" అని గొణుక్కుని, మా వైపు తిరిగి "పదిహేను" అనేవారు. మేము నవ్వితే, "నవ్వుండ్రి. నేను గూడ రెండోసారి నేర్చుకుంటున్న" అనేవారు.

ఆ మాట ఆయనకు ప్రాణం. "ఫెయిలైనోడు మొద్దోడు కాదు, వానికి రెండోసారి చెప్పినోడు లేడు" అని హెడ్మాస్టరుతోనే వాదించారు. వాదనతో ఆగలేదు. జిల్లాలోని ఒక కాలేజీకి నాలుగుసార్లు తిరిగి ఒక లెక్చరరును ఒప్పించారు. ఆదివారం ఆదివారం నలుగురు కాలేజీ విద్యార్థులు మొదటి బస్సుకు వచ్చి మాకు చదువు చెప్తారు. హెచ్చెస్సీ గట్టెక్కితే ఆ కాలేజీలో పి.యు.సి. సీటు, హాస్టల్లో జాగా. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కినవాడు లేడు. ఆ సీటు కోసం నేనూ మదారూ దారిలో నడుస్తూ కూడా సూత్రాలు వల్లించాం.

సారు గొడుగు పట్టుకుని బస్సుకు ఎదురువెళ్లేవారు. వచ్చినవాళ్లను మాతో కలిపి కూచోబెట్టి ముందు జొన్నరొట్టె తినిపించేవారు. కలిసి తింటే సిగ్గు పోతుందని, రానిది రాదని చెప్పుకుంటారని ఆయన నమ్మకం. నిజమే. నాకు భిన్నాలు రావని నేను మొదటిసారి ఒప్పుకున్నది ఆ రొట్టె తిన్నాకే.

ఆ రోజుల్లో నేను దొరికిన కరపత్రమల్లా చదివేవాణ్ణి. చదవని కాగితం మీద వేలిముద్ర వెయ్యొద్దని మా నాయినకు, వాడకట్టుకంతటికీ ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. ఒక కరపత్రం సారుకిస్తే, అందులో తప్పిన కూడికను పెన్సిలుతో దిద్ది తిరిగిచ్చారు. మాట మంచిగుంది, లెక్కే తప్పిందన్నారు.

పరీక్ష దరఖాస్తులు పంపే వారం నన్నూ మదారునూ పిలిచి రెండు ఫారాలు ముందు పెట్టి సంతకం చెయ్యమన్నారు. చేశాం. ఊరికంతా బుద్ధులు చెప్పిన నేను ఒక్క అక్షరం చదవలేదు. సారు పెట్టిన కాగితాన్ని చదవడమేమిటి?

హాల్ టికెట్లు వచ్చిన రోజు తెలిసింది. పదిమంది బడి తరఫున రాస్తున్నారు. మేము సంతకం చేసినవి ప్రైవేటు ఫారాలు, మేమిద్దరం బడితో సంబంధం లేకుండా రాయాలి. మేము తప్పినా బడి లెక్కలోకి రాదు. పాసైనా, బడి కాలేజీకి పంపే జాబితాలో మా పేర్లుండవు.

ఆయన ఇంటికి పోయి గట్టిగానే అడిగాను. ఆయన దాచలేదు. ఒక్కడికి మించి తప్పితే వచ్చే ఏడు నుంచి ఆదివారాలు చదువు చెప్పడానికి ఎవరినీ పంపబోమని కాలేజీవాళ్లు షరతు పెట్టారట. అర్ధసంవత్సర పరీక్ష చూశాక మా ఇద్దరి మీద ఆయనకు నమ్మకం కుదరలేదట.

"జర ముందుగాల చెప్పొచ్చు గద సారూ."

"చెప్తె సంతకం చేస్తుంటివా?"

"చెయ్యకపోతుంటి."

"అందుకే చెప్పలే, బిడ్డా."

మాట తొణకలేదు. కళ్లు మాత్రం నా వైపు లేవు.

నేను పాసయ్యాను. మా పన్నెండు మందిలో లెక్కల్లో నాకే ఎక్కువ మార్కులు. కాలేజీలో ఆ లెక్చరరు దగ్గరికి పోతే, మీ బడి పంపిన జాబితాలో నీ పేరు లేదని మర్యాదగా చెప్పి పంపించారు. మదార్ పరీక్షకే పోలేదు. హాల్ టికెట్టు అందిన రోజే వాళ్ల అబ్బా నడిపే సైకిల్ దుకాణంలో పనికి కూర్చున్నాడు. రెండోసారి చెప్పాలన్న మనిషే మాకు మొదటి అవకాశం కూడా దక్కనివ్వలేదు.

ఆదివారం బస్సుకు కాలేజీవాళ్లు రావడం మాత్రం ఆగలేదు. ఈ రెండేళ్లలో ఇంకెందరో ఆ రొట్టె తిన్నారు, కొందరు ఆ కాలేజీలో చేరారు. వాళ్లకాయన దేవుడు. నాకు ఆయన ఎదురైతే సందు మారాల్సిన మనిషి. సారు తన సైకిలుకు ఏమీ కాకున్నా మదార్ దుకాణం దగ్గర ఆగి, మళ్లీ పరీక్షకు కట్టమని అతణ్ణి బతిమాలేవారని తర్వాత తెలిసింది. అయినా నేను సందు మారడం మానలేదు.

శవయాత్రకు పోయాను. మదార్ ముందుకు దూరి పాడెకు భుజం పెట్టాడు. మిగతా ముగ్గురూ పొడుగువాళ్లు, ఇతడు పొట్టి. నాలుగడుగులకే పాడె అతని మూలకు వంగింది. నడుస్తూనే తువ్వాల మడిచి భుజం మీద పెట్టుకుని, వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"రారాదుర, జర ఎత్తుంటవు."

నేను పోలేదు. కాళ్లు కదల్లేదని రాస్తే అబద్ధం. నేనే పోలేదు. వెనకాల నడిచాను. గుట్ట కింది నుంచి దారి పైకి ఎక్కుతుంది. మదార్ మునివేళ్ల మీద నడుస్తున్నాడు, సారు అతనివైపే ఒరిగి పోతున్నారు. నా ఎత్తయితే సరిపోయేది.