కూర్మయ్య మావ తాగిన బొండం

ఆరేళ్ళు సోంపేట దగ్గర జలంత్రకోటలో ఉండి, బడిలో పాఠాలు చెప్పి, చివరికి బదిలీ మీద రాజమండ్రిలో మావారి దగ్గరికి, ఏడో తరగతి చదివే నా కూతురి దగ్గరికి బయల్దేరాను. కాళ్ళావేళ్ళా పడి తెచ్చుకున్న బదిలీయే. ఆర్డరు చేతికొచ్చిన రోజు ఎగిరి గంతేశాను కూడా. తీరా పెట్టె సర్దేసరికి ఏడుపు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది నా పని.

నేను అద్దెకున్నది కూర్మయ్య మావ, దాలమ్మత్తల ఇంట్లో. అద్దె పేరుకే, తిండి కూడా వాళ్ళ పొయ్యి మీదే. మావకు కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. వెళ్ళనని మొండికేస్తే తిట్టి, బతిమాలి ఆటో ఎక్కించే పని నాది. అత్త మాట ఆయన వినడు. సొంత కొబ్బరితోట ఉన్న ఆ మనిషి కొబ్బరినీళ్ళు ముట్టకూడదన్నారు డాక్టర్లు, గుండెకే ముప్పని. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ బొండం కొట్టిచ్చి, తాను పెదాలు తడుపుకుని ఊరుకునేవాడు.

బయల్దేరే రోజు ఉదయం రెండు బొండాలు కొట్టాడు. ఒకటి నాకిచ్చి, నేను అడ్డుపడేలోగా రెండోది గటగటా తాగేశాడు.

"ఏటి మావా, ఏటి సేత్తన్నావు?" అని అరిచాను. ఆరేళ్ళలో వాళ్ళ మాట నాకూ పట్టుబడింది.

"ఇన్నాళ్ళూ నీకు బయపడి తాగనేదు. ఇంక ఎవులికి బయపడాల?" అని నవ్వాడు. అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు డయాలసిస్ రోజే. ఇద్దరికీ కలిపి ఆటో మాట్లాడాను. పలాసకు ఏడు వందలు, గంటన్నర దారి. జీడితోటలు దాటి హైవే ఎక్కాం. ఆసుపత్రి గేటు దగ్గర దిగి, "ఎల్లమ్మా, నీ బండి ఎలిపోద్ది" అన్నాడు. ఆటో మలుపు తిరుగుతుండగా వెనక్కి చూశాను. మావ లోపలికి వెళ్ళకుండా రోడ్డు దాటి, సోంపేట బస్సులు ఆగే వైపు నడుస్తున్నాడు.

"మేడమ్, పదిన్నర రైలు అందదు మరి" అని గొణిగాడు డ్రైవరు. పోతే పోనీ అని ఆటో వెనక్కి తిప్పించాను. మావ చెయ్యి పట్టుకుని డయాలసిస్ మంచం దాకా లాక్కెళ్ళి, బొండం సంగతి నర్సుకు చెప్పాను. రైలు తప్పిందని ఫోన్ చేస్తే నా కూతురు, "తెలుసమ్మా, నీకు వాళ్ళే ముఖ్యం" అని పెట్టేసింది.

సూదులు గుచ్చాక మావ కళ్ళు మూసుకునే అడిగాడు. "ఈయేల నువ్వు లాక్కొచ్చినావు. ఎల్లుండి ఎవులొత్తారమ్మా?"

మధ్యాహ్నం రైలెక్కాను.

రాజమండ్రి స్టేషన్లో నా కూతురు నన్ను కరుచుకుని వదల్లేదు. అబద్ధమెందుకు, ప్రాణం లేచొచ్చింది. ఇంటికెళ్ళి దాని పక్కనే కూర్చున్నా ఒకటే ఆలోచన. ఇక్కడ ఉండాల్సిన ఆరేళ్ళు అక్కడ ఉన్నాను, అక్కడ ఉండాల్సినప్పుడు ఇక్కడికి వచ్చేశాను. ఊరూరా కిడ్నీ జబ్బులున్న ఆ ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చి పలాసలో రైలెక్కేవాళ్ళు రెండు గంటలు ఎక్కువే చేతిలో ఉంచుకోండి. మీ ఆటోలో ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు, వాళ్ళను గేటు దగ్గర వదిలేయకుండా లోపలిదాకా దింపి వెళ్ళండి. ఇవాళే మావ అడిగిన ఆ ఎల్లుండి. పొద్దుటి నుంచి దాలమ్మత్త ఫోన్ ఎత్తడం లేదు.