బాల్కనీ తలుపు మీద ఐవీ తోరణం

2020 ఉగాదినాడు ఉదయం ఆరూ ఇరవైకి మా ఆవిడ స్టూలెక్కి బాల్కనీ తలుపు పైన తోరణం కట్టింది. విమానాలు ఆగిపోయి, దుబాయ్ పక్కన మా అజ్మాన్ కొట్లకు ఆ ఏడు మామిడాకులు రాలేదు. కూతురి పుట్టినరోజుకు కొన్న ప్లాస్టిక్ ఐవీ తీగ అలమరలో ఉంటే అదే తీసింది. వీధి గుమ్మానికి కట్టబోతే, కారిడార్‌లో ఏదీ వేలాడదీయొద్దని బిల్డింగ్ కాపలా చూసే నాతూర్ అడ్డుపడ్డాడు.

"ఏమిటీ దొండాకుల తోరణం?" అన్నాను.

"దొండాకు కాదు, ఐవీ. ఇన్ని పుస్తకాలు చదివారు, తెలీదూ?"

తెలుసు. ఆ ఆకులు తలకు చుట్టుకునే గ్రీకు దేవుడు ఒకడున్నాడని, ఆయన కొలువంతా ద్రాక్షసారా అని చెప్పాను.

"తాగుబోతైనా దేవుడు దేవుడే. పండగపూట గుమ్మం బోసిగా ఉండకూడదు. ఆ సుత్తి ఇటివ్వండి."

నాలుగు దెబ్బల్లో మేకు దిగింది. పండగ అయ్యాక కూడా తీగను తీయలేదు.

మరుసటి ఏడు వేసవిలో ఆమె పోయింది. వారం జ్వరం, ఆ తర్వాత ఆసుపత్రి. దహనం ఇక్కడే జరిగింది. అస్థికలు చిన్న డబ్బాలో పెట్టి ఇచ్చారు. గోదావరిలో కలపాలి. వెళ్ళడానికి విమానాలున్నాయి, తిరిగి రావడానికి లేవు. నేను పనిచేసే జెబెల్ అలీ గోదాములో మేనేజరుని, అదే మా ముదీర్‌ను సెలవడిగాను. "వెళ్ళు. రాలేకపోతే ఖలాస్," అన్నాడు. నా ఉద్యోగం పోతే కూతురి వీసా పోతుంది, చదువు ఆగుతుంది.

డబ్బాతో గుమ్మం దాటబోతుంటే పై అంతస్తులో ఉండే తెనాలి పిన్నిగారు ఎదురొచ్చింది.

"లోపల పెట్టకు బాబూ. అస్థికలు ఇంట్లో ఉంచకూడదు. చెట్టుకు కట్టాలి."

"ఐదో అంతస్తులో చెట్టెక్కడిది పిన్నిగారూ?"

ఆమె లోపలికి తొంగి చూసింది. "అదిగో, బాల్కనీలో తీగుందిగా. పచ్చగానే ఉంది. దానికే కట్టు."

ఎగతాళికి అనలేదు. నేనూ కాదనలేదు. తెల్లగుడ్డలో మూటగట్టి తీగకు తగిలించాను. ఆ కాస్త బరువుకే ప్లాస్టిక్ జారిపోయింది. విప్పి మేకుకు కట్టాను. మేకు ఆమె కొట్టిందే.

ఆ వారమే ఒక మిత్రుడు ఓదార్పుకు ఫోన్ చేశాడు. సభల్లో మాట్లాడే అలవాటున్నవాడు. "చెట్టును అల్లుకున్న తీగండీ ఆవిడ. చెట్టు మిగిలింది, తీగ తెగింది," అన్నాడు. మన కవులు ఎన్ని వందల ఏళ్ళుగా ఆడవాళ్ళను మామిడిచెట్లకు చుడుతున్నారో. నా జీతం సగానికి కోసిన ఏడాది, ఆమె ఆన్‌లైన్‌లో చెప్పిన పాఠాల మీద ఇల్లు నడిచింది. ఆ సంగతికి ఉపమానం ఎవరూ వెతకలేదు.

"థాంక్సండీ," అని పెట్టేశాను.

పడమటి దేశాల కథల్లో ఐవీ చావులేని ఆకు. విడిపోయిన ప్రేమికుల సమాధుల నుంచి చెరొక తీగా లేచి, పైన కలుసుకుంటాయి. నరికినా మళ్ళీ మొలుస్తాయి. ఒకప్పుడు నాకు నచ్చిన కథ. ఆ వేసవిలో మూట కేసి చూస్తూ కూర్చుంటే అది రాసినవాళ్ళ మీద కోపం వచ్చింది. మాకు సమాధులు లేవు. మేం కలవాల్సింది నీళ్ళలో, అదీ విమానాలు తిరిగితే. మామిడాకైతే నాలుగు రోజుల్లో ఎండి, పండగ అయిపోయిందని చెబుతుంది. ఎండ పడని మా బాల్కనీలో ఈ ఆకుకు రంగు కూడా తగ్గలేదు. చావకపోవడంలో దాని గొప్పేముంది? బతికితే కదా.

రాకపోకలు మొదలయ్యాక రాజమండ్రి వెళ్ళి అస్థికలు కలిపి వచ్చాను. వచ్చిన రోజే తీగ పీకి చెత్తలో వేశాను. మేకు ఊడిరాలేదు.

ఏటిసూతకం దాటాక వచ్చిన ఉగాదికి కొట్టు ముందు మామిడాకుల కట్టలు పోసి ఉన్నాయి. కూతురు ఒకటి చేతిలోకి తీసుకుంది.

"ఇప్పుడు కట్టొచ్చట నాన్నా. పైన అమ్మమ్మగారు చెప్పింది. మేకు కూడా ఉందిగా."

"ఆ మేకుకా?" అన్నాను.

కట్టను మెల్లగా తిరిగి బుట్టలో పెట్టేసింది.

మా ఇంట్లో ఇప్పుడు ఉగాదికి తోరణం కట్టడం లేదు.