తొమ్మిది బటన్ల మోటారు

ఆ ఆదివారం మా పెద్దమ్మ వరండాలో ఉన్నవి: ప్లాస్టిక్ కుర్చీలు ఆరు, పీట ఒకటి, పళ్లెం నిండా ఉల్లిపాయ పకోడీలు, నా లాప్‌టాప్, అట్టపెట్టెలో తొమ్మిది బటన్లు. ఉన్నవాళ్లు: ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లోని బిర్సానగర్‌లో మా సందులోని తొమ్మిదిళ్లకు గాను ఏడిళ్ల వాళ్లు. మిగిలిన రెండిళ్ల వాళ్లు డ్యూటీలో ఉన్నారు. వరండా పక్కన రేకు కప్పు కింద, తొమ్మిదిళ్లూ కలిసి వేయించుకున్న బోరు మోటారు. దాని స్టార్టరు పెట్టెకి తాళం. తాళంచెవి పెద్దమ్మ కొంగు ముడిలో.

నేను ఆ తాళంచెవిని రద్దు చేయడానికి వచ్చాను.

పెద్దమ్మ అంటే మా నాన్నకి వదిన. పెదనాన్న పోయాక ఒక్కతే ఉంటోంది. కూతురు రూర్కెలాలో కాపురం. పదకొండేళ్లుగా మోటారు తాళం ఆమె దగ్గరే ఉంది. పొద్దున్న ఐదున్నరకి, సాయంత్రం ఐదుకి ఆమే వేస్తుంది, ఆమే ఆపుతుంది. మధ్యలో ఎవరికి నీళ్లు కావాలన్నా ఆమె గుమ్మం ఎక్కాలి. ఎక్కినవాళ్లు వెంటనే దిగరు. కాసేపు కూర్చుంటారు, మోకాలి నొప్పి ఎలా ఉందని అడుగుతారు, ఒక్కోసారి కూరగిన్నె ఇచ్చి వెళ్తారు. తాళంచెవి పోతే ఆమెకి పోయేది ఇదీ. ఈ సంగతి మా అమ్మ నాకు ముందే చెప్పింది. నేను దాన్ని ‘సాంకేతికం కాని అభ్యంతరాలు’ అనే శీర్షిక కింద రాసుకున్నాను.

అప్పటికి నా నమ్మకాలు మూడు. ఒకటి, ప్రభుత్వం చేతికి ఏదీ ఇవ్వకూడదు. రెండు, పెద్ద టెక్ కంపెనీల చేతికి అసలే ఇవ్వకూడదు. మూడు, ఏ అధికారమూ ఒక్కచోట పోగుపడకూడదు, అందరికీ పంచేయాలి. ఈ మూడూ నాకు ఒక పెద్ద కంపెనీ వాళ్ల వీడియోల్లోనే దొరికాయి, అది వేరే సంగతి.

మొదటి నమ్మకానికి మా సందులో ప్రచారం అక్కర్లేదు. ప్రభుత్వ నల్లా పైపు సందు మొదటిదాకా వచ్చి, అక్కడే మూత బిగించుకుని కూర్చుంది. రెండోది అనుభవం మీద వచ్చింది. అంతకుముందు ఏడాది ఒక విదేశీ కంపెనీ స్మార్ట్ స్విచ్ కొని మోటారుకి బిగించాను. పెద్దమ్మ ఫోన్లో దాని యాప్ పెడితే అది ఆమె పుట్టినతేదీ అడిగింది, ఎక్కడుంటోందో అడిగింది, ఫోన్లో ఉన్న నంబర్లన్నీ చూస్తానంది.

“నీల్లు తోడ్డానికి నా పుట్టిన్రోజు దానికెందుకురా? నాకేటైనా సంబంధం సూత్తాదా?” అంది పెద్దమ్మ.

రెండు వారాలకి ఎక్కడో సముద్రం అవతల వాళ్ల సర్వర్ ఆగిపోయింది. ఇక్కడ మా మోటారు కదల్లేదు. పెద్దమ్మ ఆ స్విచ్ పీకించి, పాత తాళం మళ్లీ వేసింది.

ఇక మూడో నమ్మకానికి అవకాశం మార్చిలో దొరికింది. పెద్దమ్మ కూతురి దగ్గరికి వెళ్తూ తాళంచెవిని కొంగు ముడిలోనే పట్టుకెళ్లిపోయింది. రైలు చక్రధర్‌పూర్ దాటాక గుర్తొచ్చిందట. ఒకటిన్నర రోజు తొమ్మిదిళ్ల వాళ్లూ పెద్ద రోడ్డు మీది చేతిపంపు దగ్గర బకెట్లతో నిలబడ్డాం. తాళం పగలగొడదామని ఒక్కరూ అనలేదు, ఆమె తిరిగొస్తుందని అందరికీ తెలుసు కాబట్టి.

అందుకే ఈ సమావేశం. నేను లేచి వివరించాను. ఇంటికో బటను. పది నిమిషాల్లోపు ఏ ఐదిళ్ల వాళ్లు నొక్కినా మోటారు నడుస్తుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు, సర్వర్ లేదు, కంపెనీ లేదు. బటన్లు చిన్న రేడియోతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఎవరు ఎప్పుడు నొక్కారో తొమ్మిదింటిలోనూ నమోదవుతుంది, ఎవరూ దిద్దలేరు.

వరసకి మామ అయ్యే పక్కింటాయన, క్రేన్ ఆపరేటరుగా రిటైరయినాయన, పకోడీ నములుతూ, “అంటే స్నానం సెయ్యాలంటే ఎలక్షన్ పెట్టాలన్నమాట,” అన్నాడు.

“ఎలక్షన్ కాదు మామా. అందరి సమ్మతి.”

“మీ అత్తా నానూ ముప్పయ్యేళ్లయి ఒకింట్లో ఉన్నాం. టీవీలో ఏటి సూడాలో ఇప్పటికీ సమ్మతి కుదర్నేదు. నువ్వు తొమ్మిదిళ్లకి కుదురుత్తావా?”

ఆసుపత్రిలో నర్సుగా చేసే ఎదురింటి తెలుగమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఎప్పటిలాగే హిందీలో అడిగింది. “భయ్యా, మై నైట్ డ్యూటీ కర్‌కే సోతీ హూఁ. నీంద్ మే దబావూఁ క్యా?” నైట్ డ్యూటీ చేసొచ్చి నిద్రలో నొక్కక్కర్లేదనీ, ఆమె నొక్కకపోయినా ఇంకా ఎనిమిదిళ్లు ఉంటాయనీ లెక్క చెప్పాను.

పెద్దమ్మ కొంగు ముడి విప్పి తాళంచెవి తీసి పళ్లెం పక్కన పెట్టింది. “పట్టికెల్లు నాన్నా. నాకూ సుకమే.” అని, పకోడీల పళ్లెం లోపలికి తీసుకుపోయింది. సగం అలాగే ఉన్నాయి.

మొదటిరోజు మోటారు ఎనిమిదీ నలభైకి నడిచింది. కారణాలు నా దగ్గర ఉన్నాయి. ఫ్యాక్టరీలో పొద్దుటి ఎ షిఫ్టు వాళ్లు రెండిళ్ల నుంచి ఐదున్నరకే సైకిలెక్కారు. రాత్రి సి షిఫ్టు నుంచి వచ్చినాయన పడుకున్నాడు. నర్సు పడుకుంది. ఒకావిడ పూజలో ఉంది. మూడోరోజు చివరింటాయన, తన ఓటు కావాలంటే తన స్కూటరు కడుక్కోనివ్వాలన్నాడు. కడుక్కోనిచ్చాం. నాలుగోరోజు నుంచి మామ పొద్దున్నే సందంతా తిరుగుతూ, “ఓట్లెయ్యండమ్మా, ఓట్లు! మన గుర్తు బకెట్టు!” అని అరవడం మొదలుపెట్టాడు. ఇందువల్ల సగటున నలభై నిమిషాలు కలిసొచ్చిందని ఒప్పుకోవాలి.

ఆ రోజుల్లో పెద్దమ్మ వరండాలో ఒక్కతే కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ ఉండేది. పాలవాడు తప్ప ఎవరూ గుమ్మం ఎక్కలేదు. నేను దాటి వెళ్తుంటే తలెత్తి చూసేది, మళ్లీ చింతపండులోకి చూసుకునేది. అడగడానికి నా దగ్గర మోకాలి నొప్పి ప్రశ్న ఉంది కానీ, అది అడిగితే ఏదో ఒప్పుకున్నట్టు అవుతుందనిపించి అడగలేదు.

ఆరోరోజు పొద్దున్న ఐదుగురు నొక్కారు, మోటారు నడిచింది. ఎండలు ముదిరిన రోజులు. నేను స్టార్టరు పెట్టె దగ్గరే నిలబడి నా నమోదులు చూసుకుంటున్నాను. ఇరవై నిమిషాలయ్యాక పైపులో శబ్దం మారింది. నాకూ వినిపించింది, కానీ ఉత్త శబ్దంగానే వినిపించింది. పెద్దమ్మ చింతపండు పక్కన పెట్టింది.

“నీల్లు దిగిపోనాయి, గాలి లాగుతోంది. ఆపీ.”

నేను మా ఇంటి బటను నొక్కాను. మామని కేకేశాను, ఆయన నొక్కాడు. పూజ చేసుకునే ఆవిడ తడిచేత్తో వచ్చి నొక్కింది. మూడయ్యాయి. నేను నర్సు వాళ్ల తలుపు బాదుతున్నాను.

“ఏటి సేత్తన్నావురా అక్కడ?”

“ఇంకా ఇద్దరు కావాలి పెద్దమ్మా!”

“నడపడానికి ఐదుగురన్నావు. మరి ఆపడానికి ఎంతమంది?”

“ఐదుగురే.”

ప్రోగ్రాం రాసినప్పుడు నాకది చాలా న్యాయంగా తోచింది. పెద్దమ్మ రబ్బరు చెప్పులు తొడుక్కుని, మెట్లు దిగి, స్టార్టరు పక్కనున్న ఫ్యూజు పీకి నా చేతిలో పెట్టింది. అది వేడిగా ఉంది. ఇంకో పావుగంట నడిచుంటే వైండింగ్ కాలిపోయి, వేసవంతా ట్యాంకరు కోసం ఎదురుచూసేవాళ్లమని మెకానిక్ తర్వాత అన్నాడు.

మధ్యాహ్నానికల్లా ప్రోగ్రాం మార్చాను. ఆపడానికి ఇక ఎవరైనా ఒక్కరు చాలు. ఆ శుభవార్త చెబుదామని వెళ్లేసరికి మామ అప్పటికే పెద్దమ్మ గుమ్మంలో తన బటను పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“అక్కా, ఇది నీకాడ ఉంచు. యేళకి నువ్వే నొక్కీ.”

“మామా, అలా ఇచ్చేస్తే మళ్లీ ఒక్కరి చేతిలోకే పోతుంది,” అన్నాను. “పంచిందంతా వృథా.”

“వృథా ఎందుకవుద్ది? నా వాటా నాకిచ్చావా? ఇచ్చావు. అది నా ఇష్టం. మా అక్కకిత్తాను. రేపు నచ్చకపోతే అడిగి పట్టికెల్లిపోతాను. దీన్నేటంటావు మీ పుస్తకాల్లో?”

“స్వేచ్ఛ,” అన్నాను.

“ఆఁ. అదే.”

సాయంత్రానికి ఇంకో ఆరిళ్ల బటన్లు వచ్చాయి. నర్సు అయితే తన బటను పెద్దమ్మ ఒళ్లో పెట్టి, “చాచీ, అబ్ ముఝే సోనే దో,” అని నిద్రపోవడానికి వెళ్లింది. పెద్దమ్మ మాత్రం ఒక షరతు పెట్టింది.

“నాకాడ దాచుకోను. పొద్దున్న ఇచ్చీండి, సాయంత్రం మోటారు ఆపినాక పట్టికెల్లిపోండి. ఇన్ని బటన్లు రేత్రీ పగలూ నా ఇంట్లో ఉంటే, మా గుంటడు నన్ను గవర్నమెంటు అనుకుంటాడు,” అంది నన్ను చూపిస్తూ.

మా ఇంటి బటను నేను పది రోజులు ఇవ్వలేదు. సిద్ధాంతం కోసం. ఆ పది రోజుల్లో దాని అవసరం ఒక్కసారి కూడా పడలేదు. పదకొండోరోజు పొద్దున్న అమ్మ దాన్ని నా చేతిలో పెట్టి, వీధి తలుపు తీసి నిలబడింది.

పెద్దమ్మ పాత ఇడ్లీ రేకులు రెండు, ఒక్కోటీ ఐదు గుంటలది, కిటికీ అరుగు మీద పరిచింది. గుంటకో బటను. ఒక్కో గుంట పక్కన బొగ్గుముక్కతో ఇంటి నంబరు. ఐదు నొక్కి, మోటారు శబ్దం కాసేపు విని, అప్పుడు నా వైపు తిరిగింది.

“వచ్చావా. కూకో, టీ ఎడతాను. ఏదీ నీ స్వేచ్ఛ? ఇక్కడెట్టు.”

పెట్టాను. మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగాను. చాలాసేపు చెప్పింది.

ఆ తర్వాతి బుధవారం నాకు సెలవు. పొద్దున్న మోటారు వేయకముందు నుంచి చీకటి పడేదాకా వాళ్ల వరండాలోనే కూర్చుని లెక్కపెట్టాను. పెద్దమ్మ గుమ్మం మనుషులు ఎక్కింది పందొమ్మిది సార్లు. అందులో బటను ఇవ్వడానికో తీసుకెళ్లడానికో ఎక్కినవి పదహారు.