రెండో సాక్షి

నేను వెతికేది మధ్యరకం కృష్ణబిలాలను. నక్షత్రం చచ్చి మిగిల్చిన చిన్నవి దొరికాయి. గెలాక్సీల నడిమధ్య కూర్చున్న పెద్దవీ దొరికాయి. ఈ రెంటి మధ్య తూగేది ఇదిగో అని గట్టిగా చూపించడమే కష్టం. కృష్ణబిలం కనిపించదు కానీ, అందులో పడబోయే వాయువు విపరీతంగా వేడెక్కి ఎక్స్‌రేలు వెదజల్లుతుంది. వాటిని మన గాలి కిందికి రానివ్వదు. అందుకే టెలిస్కోపు అంతరిక్షంలో ఉంటుంది, నేను ఆదిలాబాద్‌లో మా మేడ మీది గదిలో ల్యాప్‌టాప్ ముందు ఉంటాను. "ఇంట్ల కూసుండి ఆకాశం చదువుడేంది" అనే చుట్టాలకు జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను.

అబ్బాకు పత్తి జిన్నింగు మిల్లులకు బెల్టులు, బేరింగులు అమ్మే దుకాణం ఉంది. ఇంట్లో దక్కనీ మాట్లాడినా, ఖరాఖండీ మాటలు మాత్రం తెలుగులో చెబుతారు. రంజాన్ నెల చివర మసీదులో నెలవంక సాక్ష్యాలు వినేవాళ్లలో ఆయనొకరు. మబ్బు పట్టిన సాయంత్రమైతే కనీసం ఇద్దరు చూశామని చెప్పాలి, ఒక్కరి మాట చెల్లదు. చిన్నప్పుడొకసారి మబ్బుల సందున నెలవంకను నేనొక్కదాన్నే చూశాను. పరుగున పోయి చెబితే, "ఇంకెవరు చూసిన్రు బేటా?" అన్నారు. ఎవరూ చూడలేదు. మర్నాడు పండుగ కాలేదు, అందరూ ఇంకో రోజా ఉపవాసం ఉన్నారు. నాకు ఒళ్లు మండింది, పెద్దయ్యాక కూడా ఆ మంట చల్లారలేదు.

పోయినేడాది ఒక గెలాక్సీ అంచున ఎక్స్‌రేల్లో మెరిసే చుక్క దొరికింది. నడిమధ్యన లేదు కాబట్టి పెద్దరకం కాదనుకున్నాను. ఆ గెలాక్సీ దూరం పెట్టి లెక్క కడితే, చిన్నరకానికి అంత వెలుగు రాదు. నా పీహెచ్‌డీ అంతా ఆ చుక్క మీదే నిలబడింది. ఒకటే అనుమానం. చుక్క ఆ గెలాక్సీలోదేనా, దాని వెనక ఇంకెక్కడో ఉందా? అది తేలాలంటే నేల మీది పెద్ద టెలిస్కోపుతో దాని మామూలు వెలుగును చూసి దూరం లెక్కగట్టాలి. మా గైడు మేడమ్ ఆ ప్రయత్నంలో ఉన్నారు.

నేను ఆగలేక, "దొరికినట్టే ఉన్నది అబ్బా" అని ఇంట్లో చెప్పేశాను. ఆయన ఒక్క ప్రశ్న వేయలేదు. పండుగ కాని రోజున అమ్మీ చేత ఈద్ పాయసం షీర్ ఖుర్మా చేయించి, గిన్నె దుకాణానికి తీసుకుపోయి బజారులో అందరికీ పోశారు. పక్క దుకాణం సేటు నన్ను "నల్లబిలం బిడ్డ" అని పిలవడం మొదలుపెట్టాడు. కసురుకున్నట్టు నటించేదాన్ని గానీ లోపల సంబరంగానే ఉండేది.

మొన్న చలికాలంలో ఫలితం వచ్చింది. చుక్క ఆ గెలాక్సీలోది కాదు. వెనక ఎన్నో రెట్ల దూరాన, ఇంకో గెలాక్సీ నడుమ కూర్చున్న మామూలు పెద్దరకం. మా పనిలో తరచూ జరిగేదే. నాకు జరగడమే బాగాలేదు. వేరే గెలాక్సీలతో మళ్లీ మొదలుపెట్టమన్నారు మేడమ్. కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని దుకాణానికి పోయాను. అబ్బా బేరింగు తుడుస్తున్నారు.

"అది కాదంట అబ్బా. రెండో టెలిస్కోపు చూసింది. వెనకాలదంట."

ఆయన గుడ్డ పక్కన పెట్టారు. "చుక్కయితే ఉన్నది గద?"

"ఉన్నది. దూరమే తెలువకపాయె."

"మరి పరేషానెందుకు? చాంద్ తేలకముందే ఈద్ చేసుకున్నం. తప్పిన రోజా మళ్ల ఉండాలె, అంతే."

నవ్వొచ్చింది, దాని వెనకే పాత కోపం కూడా వచ్చింది. "చిన్నప్పుడు నెలవంక చూసిన్నంటే రెండో మనిషిని అడిగిన్రు. గిప్పుడెందుకు అడగలే?"

అబ్బా మళ్లీ గుడ్డ అందుకున్నారు.

"గప్పుడు గూడ నువ్వు చూసినవనే నమ్మిన బేటా. ఊరికి చెప్పనీకె ఇంకొకరు లేకపాయె."