వేళ కాని వేళ కొట్టిన గంట

నా చిన్నప్పుడు మా చిన్నాన్నను అనకాపల్లి బెల్లం కొట్లో కూర్చోబెట్టడం మా తాతయ్య తరం కాలేదు. కాస్త తీరిక దొరికితే చాలు, మెడలో కెమెరా వేసుకుని పాత చర్చిల ఫొటోలు తీయడానికి బయల్దేరేవాడు. "మన గుళ్లు సాలవేటిరా నీకు?" అని తాతయ్య విసుక్కునేవాడు. ఒక వేసవిలో, తొమ్మిదేళ్ల నన్ను కూడా ప్యాసింజర్ ఎక్కించి విశాఖపట్నం తీసుకెళ్లాడు.

చిన్నాన్న బయట నిలబడి అక్కడి ఒక పాత చర్చి గోపురం ఫొటో తీస్తుంటే, నేను చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను. గుళ్లో అడుగుపెట్టగానే గంట కొట్టాలి, నాకు తెలిసిన భక్తి అదే. గుమ్మం పక్కన పైనుంచి ఒక తాడు వేలాడుతోంది. రెండు చేతులా పట్టుకుని లాగాను. పెద్ద గంట, నా బలమెంతని! ఆగి ఆగి, ఒక్కొక్క దెబ్బే మోగింది. ఎంత పుణ్యం వచ్చిందో అని మురిసిపోయాను.

అంతలో చుట్టుపక్కల జనం పరుగున వచ్చారు. అందరికంటే ముందు ఒక ముసలమ్మ, మండే ఎండలో ఉత్త కాళ్లతో వచ్చి, గంట విని లోపలి నుంచి వచ్చిన ఫాదర్ చేతులు పట్టేసుకుంది. "మా ముసిలోడేనా బాబూ? ఆస్పత్రి కాడ్నించి కబురొచ్చిందేటి?" అని అడిగింది. ఆగి ఆగి మోగితే అక్కడ అది చావు గంటట. ఆమె భర్త మూడు రోజులుగా ఆస్పత్రిలో ఉన్నాడట.

చిన్నాన్న నన్ను వెనకేసుకు రాలేదు, కోప్పడనూ లేదు. పక్కన నిలబడి, "నువ్వు సేసింది నువ్వే సెప్పమ్మా" అన్నాడు. వెక్కుతూ చెప్పాను. ఆమె నన్ను రెండు తగిలించినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ గుమ్మం మెట్టు మీదే కూలబడి, నన్ను గుండెకు హత్తుకుని, "ఎవులూ పోనేదు. అదే సాలు తల్లీ, ఏడకు" అంది. ఆ గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంది.

"మన గంట దేవుడికి సెప్పడానికి, ఆళ్ల గంట మనుసులకి సెప్పడానికి. ముందు అడగాల మరి" అన్నాడు చిన్నాన్న తిరుగు రైల్లో.

ఆమె భర్త ఇల్లు చేరాడో లేదో నాకు తెలియదు. చిన్నాన్న పిచ్చి మాత్రం నాకు అంటుకుంది. అరవై దాటినా పాత చర్చిల ఫొటోలు తీస్తూ తిరుగుతున్నాను. ఎక్కడికి వెళ్లినా, గుమ్మం దగ్గర ఎవరినో ఒకరిని అడిగాకే ఫోను బయటికి తీస్తాను. నన్ను ఓదార్చిన ఆ తల్లికి ఆ రోజు కనీసం దండమైనా పెట్టలేదు. అందుకే ఇప్పుడు ఏ చర్చిలో అడుగుపెట్టినా నా మొదటి దండం ఆమెకే.