ముడుల కన్నా ఒక పేరు ఎక్కువ

పోయిన బుధవారం పోస్టులో ఒక చిన్న పొట్లం వచ్చింది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, పైన ఏదో పరాయి దేశపు తపాలా బిళ్ళలు, లోపల నల్ల స్పాంజిముక్కకి గుచ్చిన ఐదు చిప్పులు. ఈ రోజుల్లో ఎవరికీ అక్కర్లేని సరుకు అది. ముప్పై ఏళ్లనాటి కంప్యూటర్లో గుచ్చే సౌండు కార్డు మీద ఉండే పదహారు కాళ్ల చిప్పు. కిటికీ దగ్గర కూర్చుని భూతద్దంతో ఒక్కొక్కదాని నంబరూ చూస్తూ నాలుగోదాని దగ్గర ఆగిపోయాను. మొదటి కాలు పక్కన గోళ్లరంగుతో పెట్టిన ఎర్రచుక్క, అరిగి ఇటుకరంగుకి తిరిగింది. వెనక్కి తిప్పితే సూదితో గీసిన ఏటవాలు గీత, దానికి అడ్డంగా ఇంకో పొట్టిగీత. అది నా గుర్తు, నా చేత్తో పెట్టింది. ఆ చిప్పుని ముప్పై ఏళ్ల కిందట ఒక ఆడపిల్ల సమాధి దగ్గర రాయి కింద పెట్టి వచ్చాను.

మా ఆయనకి చూపిస్తే కళ్లజోడు సవరించుకుని, గోళ్లరంగు లోకంలో నీ ఒక్కదానికే ఉందా అన్నారు. అన్నారు గానీ ఆ రోజంతా పొట్లం ఉన్న బల్ల దగ్గరికి రాలేదు, కాఫీ కూడా వంటింట్లోనే నిలబడి తాగారు.

మన వయసు వాళ్లకైతే చెప్పనక్కర్లేదు, అప్పట్లో ఒక చిప్పు కావాలంటే ఎంతమంది గుమ్మాలు ఎక్కి దిగాల్సి వచ్చేదో. నేను అనకాపల్లి పక్కన పుట్టి, పెళ్లయి హుకుంపేట వచ్చేసరికి మా ఆయనది రేడియోలు బాగుచేసే చిన్న కొట్టు. ఆయనకి మాటకారితనం ఎక్కువ, చెయ్యి కాస్త వణుకు. నాకు కుట్టుపని అలవాటు కనుక చెయ్యి నిలకడగా ఉండేది, దాంతో ఏడాది తిరక్కుండానే సోల్డరింగు పని నా వాటాకి వచ్చింది. చచ్చిపోయిన రేడియోలూ, సంతకొచ్చిన రికార్డింగు డాన్సు వాళ్ల ఆంప్లిఫయర్లూ, విశాఖ పాత ఇనుము దుకాణాల్లో ఓడల నుంచి దిగిన పెట్టెలూ విప్పుకుంటూ, పనికొచ్చే ముక్కలు ఊడదీసి పరీక్షించి, మంచిదనిపించినదానికి ఎర్రచుక్క పెట్టి డబ్బాలో దాచేదాన్ని. ఒకరు వద్దని పారేసింది బాగుచేసేవాళ్ల సొంతమన్నది మా కొట్టులో చట్టం. ఆ చట్టమే నన్ను ఒకసారి పెద్ద పొరపాటు చేయించింది.

జి.మాడుగుల వైపు కొండమీది ఊళ్లో ఒక మాస్టారు ఉండేవారు, ఆ ఊరివారే, ఆ ఊళ్లో మొదట చదువుకున్న మనిషి. విశాఖలో ఏదో ఆఫీసు పాత సామాను అమ్మేస్తుంటే ఒక కంప్యూటరు కొని, జీపులో కొంత దూరమూ, కావడి మీద కొంత దూరమూ మోయించుకుని బడికి చేర్చారు. ఊళ్లో కరెంటు ఉన్నది బడికి ఒక్కదానికే. ఆ కంప్యూటర్లో గొంతు పట్టే కార్డు ఒకటి ఉండేది. అందులో ఆయన తన తల్లి గొంతు ఎక్కించారు.

ఎందుకో చెప్పాలి. వాళ్లలో మనిషి పోయిన ఏడాదికి పొలిమేరలో రాయి నిలబెడతారు. ఆ వేళ వంశంలో పోయినవాళ్ల పేర్లన్నీ మొదటివాడి దగ్గర్నుంచి వరసగా ఒకరు పిలుస్తారు, పిలిచిన ప్రతి పేరునీ ఊరంతా తిరిగి పలుకుతుంది. వరస తప్పితే కొత్తగా పోయినవాళ్లకి దారి దొరకదని వాళ్ల నమ్మకం. ఆ పేర్లు రాయకూడదు, పని లేనప్పుడు పలకకూడదు. తరానికి ఒక్కరే నేర్చుకుంటారు. మాస్టారి తల్లికి కూతుళ్లు లేరు, కోడళ్లు ప్రార్థన మందిరానికి వెళ్లడం మొదలుపెట్టాక ఆ వరస నేర్చుకోవడానికి ముందుకి రాలేదు. చివరికి కొడుకు బతిమాలితే, కాగితం లేని పెట్టె కదా అని ఆవిడ ఒప్పుకుంది, రాయి నిలబెట్టే వేళ తప్ప దాన్ని వినకూడదన్న షరతు మీద. ఆవిడ పేరు చెప్పినప్పుడల్లా మాస్టారు ఒక తాడుకి ముడి వేసుకుంటూ పోయారు, లెక్క తప్పకుండా.

ఆ మర్నెలకే ఆవిడ కన్నుమూసింది. రాయి నిలబెట్టే రోజు ఇంకో నెల ఉందనగా కొండమీద పిడుగు పడింది. కంప్యూటరు బతికింది, కార్డు మీద అంకెల్ని గొంతుగా మార్చే చిప్పు మాత్రం పోయింది. ఆ కార్డు గొంతుని తనకే తెలిసిన పద్ధతిలో కుదించి డిస్కులో దాచుకునేది, ఇంకో రకం కార్డు పెడితే వినబడేది గరగరే. మాస్టారు ఆ కార్డుని తువ్వాలులో చుట్టుకుని మా కొట్టుకి వచ్చి, బల్లమీద పెట్టారు. నెమ్మదిగా, "అమ్మకి దారి మూసుకుపోద్దమ్మా" అన్నారు. చదువుకున్న మనిషి నోట ఆ మాట విని, బల్లమీది మిగతా పనంతా పక్కకి జరిపేశాను.

ఇక ఆ నెలంతా నాకు అదే పని. విశాఖ వెళ్లాను, మద్రాసుకీ హైదరాబాదుకీ ఉత్తరాలు రాశాను, పాత ఇనుము దుకాణాల్లో గుట్టల మధ్య చీర కుచ్చెళ్లు ఎగగట్టుకుని కూర్చుని బోర్డులు తిరగేశాను. ఈ నంబరు రావడం ఆగిపోయిందమ్మా అన్నవాళ్లే అందరూ. పది రోజులు మిగిలాయనగా, బస్సులో నిద్రమత్తులో ఉండగా గుర్తొచ్చింది, ఆ నంబరు నేను చూశాను. అంతకు ముందు ఏడాది మాస్టారి ఊరి ప్రార్థన మందిరం కీబోర్డు మూగబోతే విప్పి బాగుచేసింది నేనే, దానిలో ఈ చిప్పే ఉంది.

ఆ కీబోర్డు వాయించేది మాస్టారి తమ్ముడి కూతురు. పద్దెనిమిదేళ్లు, సన్నగా ఉండేది, నేను బాగుచేస్తుంటే పక్కనే కూర్చుని లోపల పాట ఎక్కడుంటుందక్కా అని అడిగింది. ఆ ఏడాది వానల్లోనే జ్వరమొచ్చి పోయిందని మందిరానికి వెళ్లాకే నాకు తెలిసింది. కీబోర్డు ఏదంటే అక్కడి పెద్దాయన ఆ పిల్లని తలుచుకుని, "అది ఆ గుంటతోనే ఒగ్గేసినాం" అన్నాడు. మందిరానికి వెళ్లినా పాత అలవాటు పోలేదు, మనిషి రోజూ వాడిన వస్తువుని సమాధి మీద వదిలేస్తారు, గొడుగో కంచమో దుప్పటో.

ఒగ్గేసినాం అంటే దానికి వదిలిపెట్టాం అని తట్టక, పారేశాం అనే అనుకున్నాను. కొండవాళ్ల మధ్య అప్పటికి అన్నేళ్లు బతికి కూడా కొట్టు చట్టమే నా బుర్రలో ఉంది. ఎవర్నీ ఇంకో మాట అడగలేదు.

మిట్టమధ్యాహ్నం వెళ్లాను, అయినా మంచు ఇంకా విడవలేదు, కాఫీ తోటల మీద నుంచి కిందికి దిగుతూనే ఉంది. సమాధి మీద చిరిగిన గొడుగు కింద కీబోర్డు, పక్కన పళ్ల దువ్వెన, ఒక జత చెప్పులు. కూర్చుని స్క్రూలు విప్పాను. ఆఖరి స్క్రూ వదులయ్యేసరికి, అన్నాళ్లూ తేమకి బిగుసుకుని కిందికే ఉండిపోయిన కీబోర్డు మెట్లన్నీ ఒక్కసారి పైకి లేచాయి. స్ప్రింగుల పనే అది, నాకు తెలియనిదా. అయినా అంత మంచులోనూ జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. లోపలి బోర్డు తీసి సంచిలో వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా దిగొచ్చాను.

ఆ చిప్పు ఊడదీసి చుక్క పెట్టాను. ఇది మామూలు సరుకు కాదనిపించి గీతలు కూడా గీశాను. కార్డులో పెట్టి, బడికి తీసుకెళ్లి, షరతు ఉంది కనుక పరీక్షకి మొదటి రెండు పేర్ల వరకే విని కట్టేశాను. మాస్టారి తల్లి గొంతు స్పష్టంగా ఉంది.

మూడో రోజు ఆ పిల్ల తల్లి కొట్టుకి వచ్చింది. కొండ దిగి అంత దూరమూ నడిచి వచ్చిన మనిషి, మంచినీళ్లిచ్చినా పుచ్చుకోలేదు. కోప్పడలేదు, ఏడవలేదు. "నువ్వేటి సేసినావో నాకు తెలుసమ్మా," అంది. "మా అత్త కోసం సేసినావు. పనైపోనాక దానిది దానికిచ్చీ." అంతే, వెళ్లిపోయింది. నేను ఆ రోజు పడ్డ సిగ్గు ఇప్పటికీ తీరలేదు.

రాయి నిలబెట్టిన రోజు బడి అరుగు మీద కంప్యూటరు పెట్టారు. ఊరంతా ఎండలో నిలబడింది. పెట్టె పేరు పిలుస్తోంది, జనం పలుకుతున్నారు, మాస్టారు తాడు మీద ఒక్కో ముడీ వేళ్ల మధ్య నుంచి జరుపుతున్నారు. ఆఖరి ముడి జరిగింది, ఆఖరి పేరు అయింది. నేను మీట నొక్కడానికి వంగాను. అప్పుడు ఆ ముసలి గొంతు, కాస్త ఊపిరి తీసుకుని, ఇంకో పేరు పిలిచింది.

ఆ పిల్ల పేరు. జనం ఊపులో ఉన్నారు, ఆలోచించకుండానే పలికేశారు. పలికాక గానీ ఎవరికీ తెలియలేదు. పెళ్లికాని పిల్లలు పోతే ఆ వరసలో పిలవరు వాళ్లు, దాని పేరు ఎవరూ ఎన్నడూ పిలిచేది కాదు. పైగా ముసలావిడ ఆ పేర్లు చెప్పిన నాటికి ఆ పిల్ల మందిరంలో కీబోర్డు వాయించుకుంటూ బతికే ఉంది.

మాస్టారు తాడుని మొదటి ముడి నుంచి మళ్లీ తడుముతూ వచ్చారు. చివరికి వచ్చాక, పిల్లలకి పాతవాళ్ల పేర్లే పెడతాం కదా, ఆ పేరుతో వెనకెవరో ఉండే ఉంటారు, ముడి నేనే మరిచిపోయుంటాను అన్నారు. అది నిజం కావచ్చు. మళ్లీ విని చూద్దామంటే షరతు ఉంది. చిప్పులో జ్ఞాపకం ఉండదు, అంకె వస్తే శబ్దం చేస్తుంది, అంతకన్నా దానికేమీ తెలియదు. ఈ సంగతి మాస్టారికి నేనే చెప్పాను, చెబుతుంటే నా గొంతు నాకే నమ్మకంగా వినబడలేదు. ఆ పిల్ల తల్లి మాత్రం నేల మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, హాయిగా ఏడ్చింది. మాస్టారు తాడుకి ఇంకో ముడి వేశారు.

మర్నాడే చిప్పు ఊడదీసి తీసుకెళ్లి, సమాధి తలవైపు రాయి కింద పెట్టి, క్షమించమని అడిగి వచ్చాను.

మాస్టారు పోయిన ఏడు పోయారు. తల్లి తరవాత ఆ వరసలో చేరాల్సింది ఆయనే, ఇప్పుడు ఆయనకి రాయి నిలబెట్టాలి. ఆయన కూతురు పాడేరులో ఉద్యోగం చేస్తోంది, ఆ కంప్యూటరూ కార్డూ తాడూ తెచ్చి నా ముందు పెట్టి, అత్తా మళ్లీ పలికించాలి అంది. డిస్కు టకటకమంటూ తిరిగింది, అదే పెద్ద వింత. చిప్పు కోసం నేను పాత చిరునామాల పుస్తకం వెతుకుతుంటే ఆమె నవ్వి, ఫోనులో నంబరు కొట్టి, అరనిమిషంలో ఆర్డరు పెట్టేసింది, బుధవారం వచ్చిన పొట్లం అదే. ఏ దుకాణమూ ఎక్కలేదు, ఎవరి మొహమూ చూడలేదు. ఒకప్పుడు ముక్క కన్నా ముందు మనిషి ఎదురయ్యేవాడు, అది ఎవరి ఇంట్లో పాడిందో, ఎందుకు మూగబోయిందో చెప్పిగాని ఇచ్చేవాడు కాదు. ఇప్పుడు వస్తువు వస్తుంది, దాని వెనకాల ఎవరున్నారో రాదు.

ఆ సమాధుల మెట్టని మూడేళ్ల కిందట రోడ్డు కోసం సగం తవ్వేశారు. మట్టితోపాటు ఏరుకున్న సామాను ఏ సంచుల్లో ఏ ఓడ ఎక్కి ఎక్కడికెళ్లిందో, ఎవరు కడిగి కాళ్లు తిన్నగా దిద్ది మళ్లీ ఇటే పంపారో, అలా జరిగి ఉండొచ్చని మా ఆయన రెండు రోజులుగా నాకు నచ్చజెబుతున్నారు. జరిగి ఉండొచ్చు.

మిగతా నాలుగూ పరీక్షించాను, నాలుగూ చచ్చినవే. పనిచేసేది అదొక్కటే.

ఈసారి అడక్కుండా ముట్టుకోలేదు. ఆటోలో కొండెక్కి ఆ పిల్ల తల్లి దగ్గరికి వెళ్లాను. ముసలిదైపోయింది, కళ్లు కనబడవు. చిప్పుని అరచేతిలో పెడితే బొటనవేలితో గీతలు తడిమి చూసింది. "పిలవడానికొచ్చింది గావాల. పెట్టమ్మా," అంది. నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, "అయిపోనాక బేగి తెచ్చీ," అని గుర్తుచేసింది.

పెట్టాను. మొదటి రెండు పేర్లు విని కట్టేశాను. ఎల్లుండి రాయి నిలబెడతారు, తాడు మాస్టారి కూతురు పట్టుకుంటుంది, పెట్టెలో నాయనమ్మ పిలవడం అయ్యాక ఆవిడ పేరూ తండ్రి పేరూ తనే కలుపుతుంది. ఆ రోజు ఆఖర్న వేసిన ముడితో కలిపి పేర్లు సరిపోతే మాస్టారు అప్పట్లో ఒకటి మరిచిపోయారనే అనుకుని ఊరుకోవచ్చు.

నలభై ఏళ్లుగా ఈ కొండల్లో ఉన్నాను, ఈ ఊళ్ల గొంతులెన్నో బాగుచేశాను. మా ఇద్దరికీ పిల్లల్లేరు, మమ్మల్ని వరసలో పిలిచేవాళ్లూ లేరు, ఆ లోటు ఇన్నాళ్లూ నాకు తట్టనే లేదు. ఎల్లుండి ఆఖరి ముడి జరిగాక మీట వెంటనే నొక్కను, కాసేపు ఆగుతాను. ఇంకో పేరు వినబడితే ఏం చేస్తానో తెలియదు. వినబడకపోతే మాత్రం, ఎవరికీ చెప్పను గానీ, కొంచెం చిన్నబుచ్చుకుంటాను.