లైన్‌మన్ మాట మీద

ప్రేమమ్మ నోరు మంచిదని పొదిలి చుట్టుపక్కల ఎవరూ అనరు. అననక్కర్లేదు కూడా. పత్తి తీసే ముఠాకు మేస్త్రీ ఆమె. ఆ నోరే లేకపోతే ఆడకూలీల పొట్ట కొట్టేవాళ్ళకు కొదవా? కూలి తూకాన్ని బట్టి కాబట్టి, రైతు సొంత కాటా మీద పత్తి తూయనివ్వదు. పక్క చేనివాళ్ళ కాటా తెప్పించి తూయిస్తుంది. ఎవరు ఉడుక్కున్నా సరే.

అలాంటి మనిషి మొగుడు ఏసోబు కుడిచెయ్యి కరెంటుకు మాడిపోయింది. లైన్‌మన్ శ్రీకృష్ణ తను ఎక్కాల్సిన స్తంభాలన్నీ ఏసోబుతో ఎక్కించేవాడు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. ఆ రోజూ "ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకేశా, ఎక్కరా" అన్నాడు. పీకలేదు. ఆస్పత్రిలో చెయ్యి మోచేతి దాకా తీసేశారు. పైగా కరెంటు దొంగతనానికే ఎక్కాడని శ్రీకృష్ణ ఊరంతా చెప్పుకొచ్చాడు. చెయ్యి పోయినప్పుడు ఏడవని ఏసోబు, దొంగ అన్న ఆ మాటకు ఏడ్చాడు.

విచారణకు అదే కరెంటు శాఖ నుంచి శ్యామ్ సుందర్ గారనే పెద్దాఫీసరు వచ్చారు. సబ్‌స్టేషన్‌లో ఆయనకు టీ అందించింది ఎవరనుకున్నారు? శ్రీకృష్ణే. ప్రేమమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"ఫ్యూజులు పీకానంటున్నాడమ్మా. మా స్టాఫ్ అబద్ధమెందుకు చెబుతారు? మీ ఆయనే చెప్పాపెట్టకుండా వేరే లైను స్తంభం ఎక్కాడు. ఇక్కడ సంతకం పెట్టు," అన్నారాయన.

"మా పత్తినే రైతు కాటా మీద తూయనివ్వనండి నేను. మీ మనిషి తప్పు మీరే తూస్తారా? పెట్టను. రండి, ఆ స్తంభం దగ్గరే తేల్చుకుందాం."

బయట ముఠా ఆడవాళ్ళంతా గొంతు కలిపారు. ఇక తప్పక ఆయన లేచారు.

స్తంభం కింద నిచ్చెన వేయించి, ప్రేమమ్మ శ్రీకృష్ణ వైపు తిరిగింది. "వెళ్ళి ఫ్యూజులు పీకిరా."

అతను వెళ్ళొచ్చాడు. "పీకేశా," అన్నాడు.

"ఎక్కి తీగ పట్టుకోండి సార్," అంది ప్రేమమ్మ.

శ్యామ్ సుందర్ గారు నిచ్చెన వంక చూశారు, శ్రీకృష్ణ వంక చూశారు. "టెస్టర్ పెట్టి చూడకుండా ఎలా పట్టుకుంటానమ్మా?"

"మా ఆయనకు టెస్టర్ ఎవరిచ్చారండి? ఇతని మాట ఒక్కటే ఇచ్చారు. ఆ మాట నమ్మి మీరు చెయ్యి పెట్టలేకపోయారని రాయండి. ఇప్పుడే సంతకం పెడతా."

ఆయన జీపు వైపు నడిచారు. ఆడవాళ్ళు అప్పటికే జీపు ముందు బారుగా కూర్చుని ఉన్నారు.